రాణిపేట రాణి పేరేమిటి?

ఆర్కాటు పక్కన, పాలారు ఒడ్డున రాణిపేట అనే ఊరుంది. తోళ్ళ పరిశ్రమకి పేరుపడ్డ ఊరు. 2019లో తమిళనాడు ప్రభుత్వం దాన్ని జిల్లా కేంద్రం కూడా చేసింది. ఏ రాణి పేరు మీద ఆ ఊరు వెలిసిందని అడిగితే చెంజి కోట నేలిన దేశింగురాజు భార్య పేరు మీద అంటారు. పాత గెజిటీర్లు కూడా ఆ మాటే రాశాయి. సరే, ఆ రాణి పేరేమిటి? పాటల్లో ఆమెని 'రాణీబాయి' అన్నారు. రాణి అనేది హోదా. బాయి అనేది ఉత్తరాదిలో ఆడవాళ్ళ పేర్ల చివర తగిలించే మర్యాద. ఒక హోదా, ఒక మర్యాద కలిపితే ఒక మనిషి పేరు కాదు. అదే కథలో దేశింగు ఎక్కిన గుర్రానికి పేరుంది. అతని ముస్లిం స్నేహితుడు ఎక్కిన గుర్రానికీ పేరుంది.

ఈ రాణికి కథ అప్పగించిన పని ఒక్కటే, భర్త శవంతో పాటు కాలిపోవడం. ఆమె పేరు మీద ఊరు కట్టించింది ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ అని చెప్తారు. అంటే ఆమె భర్తని ఏ సైన్యం చంపిందో ఆ సైన్యం యజమాని. ఓడిన రాజు పెళ్ళాం చితి ఎక్కితే గెలిచిన నవాబు మెచ్చి ఊరు కట్టించాడన్నమాట. కప్పం దగ్గర ఇద్దరికీ పడలేదు, కోట దగ్గర పడలేదు. మతం వేరు, భాష వేరు. ఒకరి తల ఒకరు తీసుకునేంత వైరం. ఆమె కాలిపోవడం గొప్ప పని అన్న దగ్గర మాత్రం ఇద్దరి తరఫు వాళ్ళకీ పేచీ లేదు. పితృస్వామ్యం అంటే ఏమిటో ఎవరికైనా పాఠం చెప్పాల్సివస్తే నేను ఈ ఊరి పేరుతోనే మొదలుపెడతాను.

చెంజి చరిత్ర చిన్నది కాదు. రాజగిరి, కృష్ణగిరి, చంద్రగిరి అని మూడు కొండలు, వాటిని కలుపుతూ గోడలు. తుపాకి కృష్ణప్ప నాయకుడి వంశం వాళ్ళు, అంటే తెలుగు నాయకులు, అక్కడినుంచి రాజ్యం చేశారు. 1649లో బీజాపూరు సుల్తానులు దాన్ని పట్టుకున్నారు. 1677లో శివాజీ గెలుచుకున్నాడు. ఆయన కొడుకు రాజారామ్ అక్కడ తలదాచుకుంటే మొఘల్ సైన్యం ఏళ్ళ తరబడి చుట్టుముట్టి 1698లో లోపలికి వచ్చింది. ఆ తర్వాత కోట బాధ్యత బుందేల రాజపుత్రుడు స్వరూప్ సింగ్ చేతికొచ్చింది. ఆయన 1714లో పోయాక కొడుకు తేజ్ సింగ్ బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి కోటలో కూర్చున్నాడు. మన నోట్లో దేశింగు అయినవాడు ఇతనే. బకాయిలు కట్టమని నవాబు అడిగాడు, కట్టనన్నాడు. 1714 అక్టోబరు 3న యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళవాడంటారు. అతని ఏలుబడి ఏడాది కూడా లేదు. కానీ చెంజిని వందేళ్ళు పైన ఏలిన నాయకులకి దక్కని పాట ఇతనికి దక్కింది, తమిళంలోనూ, మన జంగం కథల్లో, బుర్రకథల్లోనూ. ఎందుకు దక్కిందంటారు? చిన్న వయసులో చావు ఒక కారణం. వెనకే రగిలిన చితి రెండో కారణం. ఆ చితి లేకపోతే బకాయి కట్టకుండా కయ్యానికి దిగిన ఒక కిల్లేదారు సంగతి గెజిటీరులో రెండు వాక్యాల దగ్గర ఆగిపోయేది.

సి.ఎస్. శ్రీనివాసాచారి 1943లో చెంజి మీద రాసిన పుస్తకం పేరు చెంజి చరిత్ర, దాని పాలకులు అనే అర్థం వచ్చేలా ఉంటుంది. మన కోటల చరిత్రలన్నిటికీ ఆ పేరే పెట్టొచ్చు. కోట, దాని పాలకులు. 2025 జులైలో యునెస్కో మరాఠా సైనిక స్థావరాల జాబితాలో పన్నెండు కోటల్ని ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది. మహారాష్ట్ర బయట అందులో ఉన్నది చెంజి ఒక్కటే. గోడలు, బురుజులు, ధాన్యపు కొట్లు, కొండ మీదికి నీళ్ళెక్కించిన పద్ధతి, అన్నీ వారసత్వమే, కాదనను. అక్కడి కృష్ణగిరిని జనం రాణికోట అని కూడా పిలుస్తారు. ఆ రాణికోటలో ఏ రాణి ఉండేది, ఏం చూసేది, ఎవరితో మాట్లాడేది అన్నది మాత్రం ఏ వారసత్వంలోకీ రాదు. కోట చరిత్రలో ఆడవాళ్ళు ప్రవేశించే ద్వారం ఒక్కటే. అది నిప్పు.

కోట కథల్లో ఆడవాళ్ళ చావుని మనం ఆత్మాహుతి, ఆత్మార్పణ, సహగమనం, జౌహర్ అని రకరకాల పేర్లతో పిలుస్తున్నాం. ఈ పేర్లన్నిటిలోనూ ఒక అబద్ధం ఉంది. చంపినవాడిని వాక్యంలోంచి తీసేసి, చచ్చినదాన్ని కర్తగా కూర్చోబెట్టే వ్యాకరణం అది. ఈ వ్యాకరణాన్ని భట్రాజులు తయారు చేశారు, జమీందార్లు పోషించారు, సినిమా అమ్ముకుంది. అక్కడితో ఆగితే నేను ఈ వ్యాసం రాయను. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలూ, స్త్రీవాదులమని చెప్పుకునే మనలో కొందరమూ దాన్ని ఇంకా మోస్తున్నాం. నా తగాదా ముఖ్యంగా మనతోనే.

ముందు ఈ కథలకి మూసపోత ఎక్కడ దొరికిందో చూద్దాం. కొండ మీద కోట, రాజపుత్ర రాజు, నిప్పుల్లో రాణి అనగానే అందరికీ చిత్తోడు గుర్తొస్తుంది. 1303లో అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడుని ముట్టడించాడు. ఆ దండయాత్రలో కవి అమీర్ ఖుస్రో వెంట ఉన్నాడు, దాని గురించి రాశాడు. ఆయన రాతలో పద్మిని అనే రాణి లేదు. ఆమె మనకి కనిపించేది 1540లో మాలిక్ మహమ్మద్ జాయసి అవధీ భాషలో రాసిన పద్మావత్ కావ్యంలో, అంటే యుద్ధం జరిగిన 237 ఏళ్ళ తర్వాత. చిలక రాయబారం, సింహళద్వీపం ఉన్న సూఫీ ప్రేమకావ్యం అది. ఆ తర్వాత రాజాస్థానాల చరిత్రకారులు దాన్ని వంశగౌరవం చేశారు. 1829లో మొదటి సంపుటం వచ్చిన తన గ్రంథంలో కంపెనీ ఉద్యోగి జేమ్స్ టాడ్ దాన్ని చరిత్ర చేశాడు. బెంగాలీ నాటకకర్తలు దేశభక్తి చేశారు. పద్మిని కథ ఎన్ని చేతులు మారిందో, మారినప్పుడల్లా ఎవరికి పనికొచ్చిందో రమ్యా శ్రీనివాసన్ 2007లో ఒక పుస్తకమే రాసింది.

అదే 1829 డిసెంబరులో బెంటింకు ప్రభుత్వం సతిని నిషేధించింది, మరుసటి ఏడు మద్రాసు ప్రభుత్వం కూడా చట్టం చేసింది. ఒకే పాలన ఒక చేత్తో చితి ఆర్పింది, ఇంకో చేత్తో చితిని పుస్తకంలో వెలిగించింది. వాస్తవంలో అనాగరికం, గతంలో అయితే మహోన్నతం. మన జాతీయోద్యమ సాహిత్యం ఆ రెండో చెయ్యిని కళ్ళకద్దుకుంది.

దీని ఫలితం 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవరాలలో చూశాం. పద్దెనిమిదేళ్ళ రూప్ కన్వర్‌ని భర్త చితి మీద కాల్చేస్తే వేలమంది పండగ చేసుకున్నారు. ఆ తర్వాత సతిని కీర్తించడం కూడా నేరమని కేంద్రం చట్టం తెచ్చింది. 2017లో పద్మావత్ సినిమా మీద గొడవ జరిగినప్పుడు రాణి గౌరవం కాపాడతామన్న సేన వాళ్ళు ఆ పాత్ర వేసిన నటి ముక్కు కోస్తామన్నారు. చరిత్రలో ఆధారం లేని స్త్రీ పరువు కోసం బతికున్న స్త్రీ ముక్కు! 2018లో సినిమా వచ్చింది. చివర్లో ఎర్రచీరల గుంపు, అందులో గర్భిణి, చిన్నపిల్ల, సంగీతం, నిప్పులోకి నడక. స్వరా భాస్కర్ అనే నటి దీన్ని ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాస్తే ఆమెని తిట్టినవాళ్ళకి లెక్కలేదు.

రాజపుత్రుల సంగతి మనకెందుకు, మన తెలుగునేల వేరు అనేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం బొబ్బిలికి వస్తాను. ఈ దారిలో మనకి ఒక తోడు దొరుకుతాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ. 1750లో రాత్రికి రాత్రి చెంజి కోట పట్టుకుని పేరు తెచ్చుకున్నవాడు ఇతనే. 1757 జనవరి 24న విజయనగరం పూసపాటి విజయరామరాజు వెంట ఉండగా బొబ్బిలి కోటని ఫిరంగులతో కొట్టినవాడూ ఇతనే. విజయనగరం వాళ్ళు తమ వంశమూలాల్ని రాజపుత్రులతో ముడిపెట్టుకున్నవాళ్ళు, తర్వాతి కాలంలో ఉత్తరాది రాజపుత్ర సంస్థానాలతో వియ్యమందినవాళ్ళు. బొబ్బిలి వాళ్ళు వెలమలు. బొబ్బిలిది కొండకోట కాదు, మట్టికోట. చెంజికీ బొబ్బిలికీ కులం వేరు, ప్రాంతం వేరు, కోట కట్టిన మట్టి కూడా వేరు. కథ మాత్రం ఒకటే.

నేను పుట్టి పెరిగిన చోడవరం, 2022 దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మా వైపు పిల్లలకి కోట అంటే బొబ్బిలే. స్కూలు వార్షికోత్సవంలో మగపిల్లాడు ఏకపాత్రాభినయం చెయ్యాలంటే తాండ్ర పాపారాయుడి మీసం పెట్టుకుంటాడు. ఆడపిల్లకి మల్లమ్మ పాత్ర. వాడికి కత్తి దూసే ఘట్టం, దీనికి చచ్చిపోయే ఘట్టం. పన్నెండేళ్ళ పిల్ల చచ్చిపోవడం ఎంత బాగా చేస్తే అంత గట్టిగా చప్పట్లు.

బొబ్బిలి కోటలో ఆ రోజు ఆడవాళ్ళకి ఏం జరిగింది? రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు కంపెనీ యుద్ధాల చరిత్రలో దీన్ని రాశాడు. ఆయన యుద్ధభూమిలో లేడు, మద్రాసులో ఉన్నాడు. విన్నది రాశాడు. కానీ ఇప్పటికీ బొబ్బిలి వీరత్వానికి సాక్ష్యంగా అందరూ ఎత్తిచూపేది ఆయన్నే కాబట్టి, ఆయన రాసింది పూర్తిగా చదవాలి. ఓటమి ఖాయమని తెలిశాక రంగారావు తన మనుషులకి ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్ళు ఒక చేత్తో కాగడా, ఇంకో చేత్తో బల్లెమో కత్తో పట్టుకుని కోట మధ్య ఉన్న ఇళ్ళకి నిప్పంటించారు. మంటల్లోంచి తప్పించుకోబోయిన ఆడవాళ్ళనీ పిల్లల్నీ విచక్షణ లేకుండా పొడిచారు. తల్లి రొమ్ముకి అంటుకుని ఉన్న పసిబిడ్డ కూడా తల్లినీ కాపాడలేదు, తనూ బతకలేదు. పొడిచిన చేతులు భర్తలవీ, తండ్రులవీ.

ఇది ఓర్మ్ రాసిన దాని సారాంశం. ఆయనకి ఆ మగవాళ్ళ మీద కోపం లేదు, భయంతో కూడిన మెచ్చుకోలే ఉంది. అందుకే ఆ సాక్ష్యానికి విలువ. తప్పించుకోబోయారు అన్న మాట గమనించండి. అంటే కొందరైనా బతకాలనుకున్నారు. పరిగెత్తారు. వాళ్ళని ఆపడానికి కత్తులు కావలసివచ్చాయి. ఇష్టపడి చచ్చేవాళ్ళ చుట్టూ బల్లేలు పట్టుకుని నిలబడాల్సిన అవసరం ఏ మొగుడికీ ఉండదు.

ఈ పరుగు మన సాహిత్యంలో ఎక్కడైనా ఉందా? దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము రాశాడు. వేదం వేంకటరాయ శాస్త్రి నాటకం రాశాడు. జంగాలు పాడారు, బుర్రకథలు చెప్పారు. 1964లో ఎన్.టి. రామారావు రంగారావుగా, భానుమతి మల్లమ్మగా సినిమా వచ్చింది. 1986లో కృష్ణంరాజు పాపారాయుడిగా మరో సినిమా. ఇంత ప్రచారంలో మనకి మిగిలింది మల్లమ్మ త్యాగం. అన్నకి ఉత్తరం రాసి, భర్త పరువు కాపాడిన ఇల్లాలు. పరిగెత్తిన ఆడవాళ్ళు ఎక్కడికి పోయారు? అంతఃపురంలో పని చేసే దాసీలు, వంటవాళ్ళు, పాలిచ్చే దాదులు, వాళ్ళ పిల్లలు ఏమయ్యారు? పరువు దొరగారిది. కాలింది అందరూ. రాణి చావుకైనా పద్యం దక్కింది. దాసి చావుకి అదీ లేదు.

ఇక్కడే భానుమతి గురించి ఒక మాట. 1960 తమిళ సినిమా రాజా దేశింగులో రాణి ఆవిడే, నాలుగేళ్ళ తర్వాత బొబ్బిలి మల్లమ్మ ఆవిడే. సినిమాలు తీసిన మనిషి, స్టూడియో నడిపిన మనిషి, అత్తగారి కథలు రాసి మనల్ని కడుపుబ్బ నవ్వించిన మనిషి. ఎవరికీ తల వంచని ఆ గొంతుకి రెండు కోటల్లోనూ దొరికిన పాత్ర మొగుడి వెనక చావడం. పరిశ్రమకి అంతకన్నా గొప్ప రాణిని ఊహించడం చేతకాలేదు.

ఇప్పుడు నాకు వచ్చే అభ్యంతరాలు రెండు. రెండూ తేలిగ్గా తీసెయ్యదగ్గవి కావు.

మొదటిది, ఆనాటి విలువలతో చూడాలి, కోట పడిపోతే ఆడవాళ్ళకి ఏం జరిగేదో తెలియదా అని. తెలుసు. 1568లో అక్బరు చిత్తోడు గెలిచాక జరిపిన ఊచకోతలో దాదాపు ముప్పైవేల మంది చచ్చారంటారు. ఓడిన వాళ్ళ ఆడవాళ్ళని బానిసలుగా పంచుకోవడం అన్ని మతాల సైన్యాలూ చేశాయి. ఆ భయం నిజం. కొందరు ఆడవాళ్ళు నిజంగానే చావుని ఎంచుకుని ఉండొచ్చు. కానీ ఆనాటి విలువలు అందరికీ ఒకటే అని ఎవరన్నారు? ఓర్మ్ రాసిన దాంట్లోనే ఇంకో మనిషి ఉన్నాడు. అంతా బూడిదయ్యాక ఒక ముసలివాడు ఒక పిల్లవాడిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఫ్రెంచి అధికారి లా అనేవాడికి అప్పగించాడు. వీడు రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా నేను కాపాడాను అన్నాడు. ఆ పిల్లవాడే చిన రంగారావు, తర్వాత బొబ్బిలి జమీందారు. అదే రోజు, అదే కోటలో, అదే విలువల మధ్య ఒక మనిషి ఆజ్ఞని ధిక్కరించి ఒక ప్రాణం నిలబెట్టాడు. కాబట్టి ఆనాటి విలువల్లోనే ఇంకో దారి ఉంది. ఆ ముసలివాడికి స్మారకస్తంభం లేదు, ఏకపాత్రాభినయమూ లేదు. పరువు నిలిపినవాడికన్నా ప్రాణం నిలిపినవాడు తక్కువ ఎందుకయ్యాడో వీరగాథల మీద పరిశోధన చేస్తున్న పిల్లలు ఒక్కసారి ఆలోచించాలి.

రెండో అభ్యంతరం మనవైపు నుంచి వస్తుంది. స్త్రీని ఎప్పుడూ బాధితురాలిగానే చూస్తే ఎలా, ఆమె నిర్ణయశక్తిని గుర్తించొద్దా అంటారు. సెమినార్లలో ఈ మాట బాగా చెలామణీ అవుతోంది. 'వీరగాథల్లో స్త్రీ పాత్రలు' అన్న పేరుతో వచ్చే సిద్ధాంతవ్యాసాల్లో వీరమాత, వీరపత్ని, పతివ్రత అని మూడు అరలుంటాయి. మాంచాలని ఒక అరలో, మల్లమ్మని ఇంకో అరలో పెడతారు. ఈమధ్య నాలుగో అర ఒకటి చేరింది, చావుని ఆయుధంగా చేసుకున్న ధీర. అర పేరు మారింది. లోపల ఉన్నది అదే శవం.

స్త్రీ నిర్ణయశక్తి మీద నాకు గౌరవం లేక కాదు. నిర్ణయం అనాలంటే కనీసం రెండు దారులుండాలి, రెండో దారి పట్టినవాళ్ళు ప్రాణంతో మిగలాలి. సతి గురించి బ్రిటిష్‌వాళ్ళూ బెంగాలీ పండితులూ చేసిన వాదోపవాదాల్ని పరిశీలించిన లతా మణి, ఆ చర్చ అసలు స్త్రీల గురించి కాదనీ, సంప్రదాయం గురించి మగవాళ్ళు పోట్లాడుకోడానికి స్త్రీలు నేలగా మాత్రం ఉపయోగపడ్డారనీ తేల్చింది. గాయత్రీ స్పివక్ హిమాలయాల్లోని సిర్మూరు అనే చిన్న రాజపుత్ర సంస్థానం రాణి కోసం కంపెనీ దస్తావేజులు వెతికింది. రాణి సతి అవుతానందన్న సంగతి కాగితాల్లో ఉంది. కంపెనీకి పని పడ్డప్పుడు ఆమె కనిపిస్తుంది, పని తీరాక మాయమవుతుంది. రాణిపేట రాణికి ఆమె అక్కచెల్లెలే.

ఇంకో పుస్తకం ప్రతి తెలుగు శాఖ లైబ్రరీలోనూ ఉండాలి. ఊర్వశీ బుటాలియా 1998లో దేశవిభజన గురించి తెచ్చిన పుస్తకం. 1947 మార్చిలో రావల్పిండి దగ్గర తోవా ఖాల్సా అనే ఊళ్ళో సుమారు తొంభైమంది సిక్కు స్త్రీలు బావిలో దూకారు. చాలా కుటుంబాల్లో మగవాళ్ళే తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ నరికారు. తన అన్నదమ్ములతో కలిసి ఇంట్లో పదిహేడుమందిని చంపిన ఒక ముసలాయన చంపడం అన్న మాట ఒప్పుకోడు. వాళ్ళు అమరులయ్యారంటాడు. బొబ్బిలికీ ఆ ఊరికీ 190 ఏళ్ళ దూరం. క్రియాపదం ఏమీ మారలేదు. బుటాలియా చేసిన పని ఏమిటంటే, ఆ మాట దగ్గర ఆగి, మిగిలిపోయిన ఆడవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళడం. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణా పోరాటంలో స్త్రీల దగ్గరికి అలాగే వెళ్ళారు. మనకి ఆ సంప్రదాయం ఉంది. దాన్ని పాతకథల దగ్గరికి తీసుకెళ్ళడానికే మొహమాటం.

నిజానికి మన వీరగాథలు చచ్చిన ఆడదాన్ని ఎంత మెచ్చుకుంటాయో బతికిన ఆడదాన్ని అంత ద్వేషిస్తాయి. పల్నాటి కథలో మొగుడికి వీరతిలకం దిద్ది పంపి తర్వాత సహగమనం చేసిన మాంచాల దేవత. మంత్రిత్వం చేసి, ఎత్తుకి పైఎత్తు వేసి, యుద్ధం నడిపిన నాగమ్మ రాక్షసి. బ్రహ్మనాయుడు చేస్తే రాజనీతి, నాగమ్మ చేస్తే కుట్ర. విజయనగరం కోటలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఆ ఇంటి ఆడపడుచు అప్పలకొండమాంబ. రీవా రాజపుత్ర మహారాజుకిచ్చి పెళ్ళి చేశారు. ఆవిడ విజయనగరంలోనే ఉండి, 1897లో సోదరుడు ఆనందగజపతి పోయాక గురజాడ అప్పారావుని ఆంతరంగిక కార్యదర్శిగా పెట్టుకుని ఎస్టేటు వ్యవహారాలు, వ్యాజ్యాలు చూసుకుంది. గురజాడ జీవితచరిత్రలో 'రీవారాణి' అని ఒక వాక్యం వస్తుంది, పోతుంది. ఆవిడ మీద పాట లేదు. వకీళ్ళతో మాట్లాడి, కాగితాల మీద సంతకాలు పెట్టి, తన వాటా కోసం నిలబడిన రాణిని పాడటానికి మన తంబురాకి శ్రుతి లేదు. అగ్గి అంటుకున్నాకే అది పలుకుతుంది.

ఇదంతా మూడు వందల ఏళ్ళ కిందటి సంగతి కదా అని ఊరుకోవచ్చు. కానీ పరువు అన్న మాట అప్పటిది కాదు, ఇప్పటిది. 2018లో మిర్యాలగూడలో కూతురు దళితుణ్ణి పెళ్ళి చేసుకుందని తండ్రి కిరాయి ఇచ్చి అల్లుడిని చంపించాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఆ కేసులో శిక్షలు వేసింది. ఆ తండ్రి బాధ అర్థం చేసుకోవాలి అన్నవాళ్ళు తక్కువమంది కాదు. ఆ అర్థం చేసుకునే గుణం ఎక్కడినుంచి వచ్చింది? చిన్నప్పటినుంచి కొన్ని వందలసార్లు చప్పట్లు కొట్టి నేర్చుకున్నాం. భార్యాబిడ్డల ప్రాణం కుటుంబ పెద్ద పరువుకి జామీను అనీ, అవసరమైతే అతను దాన్ని తీసెయ్యొచ్చుననీ, తీసేస్తే కూడా ఏడవాల్సింది అతని కోసమేననీ బొబ్బిలి కథ నేర్పుతుంది. మా వైపు పల్లెల్లో ఎక్కడో ఒకచోట పేరంటాలు గుడి ఉంటుంది. పసుపు, కుంకుమ, చీర, గాజులు పెడతారు. ఆ పేరంటాలు ఎలా చచ్చిపోయిందని పెద్దవాళ్ళని అడగండి. 'దేవతయిపోయిందమ్మా' అంటారు. చాలా గుళ్ళ దగ్గర అంతకుమించి మాట పెగలదు.

కాబట్టి అడుగుతున్నాను. మొదట, మనం రాసే వ్యాసాల్లో, చెప్పే పాఠాల్లో బొబ్బిలి ఆడవాళ్ళు ఆత్మాహుతి చేసుకున్నారని రాయడం మానేద్దాం. వాళ్ళని చంపారు అని రాద్దాం. ఎవరు చంపారో కూడా రాద్దాం. ఫిరంగి గుండుతో బుస్సీ చంపినవాళ్ళు బయట, కత్తితో మొగుళ్ళు చంపినవాళ్ళు లోపల. రెండు వాక్యాలూ కావాలి. మొదటిది రాస్తే దేశభక్తి, రెండోది రాస్తే ద్రోహం అనుకునేవాళ్ళతో పేచీ పెట్టుకోవాల్సిందే. విజయనగరం వాళ్ళని మెప్పించడానికి ఈ మాట అంటున్నానని ఎవరైనా అంటే, ఆ దాడి చేయించింది వాళ్ళేనని మూడో వాక్యం కూడా నేనే రాసిస్తాను.

రెండోది, వీరగాథల మీద పరిశోధన చేయించేవాళ్ళు ఆ మూడు అరల అలమారా తీసి అవతల పారెయ్యండి. కథలో తలుపు ఎవరి చేతిలో ఉంది, కాగడా ఎవరి చేతిలో ఉంది, పరిగెత్తింది ఎవరు, పేరు లేనిది ఎవరు, ఈ నాలుగు ప్రశ్నలతో ఒక్క కథ చదివించండి. దేశింగురాజు కథ మీద ఒకరు, కామమ్మ కథ మీద ఒకరు, పేరంటాళ్ళ పాటల మీద ఒకరు పనిచేస్తే పదేళ్ళలో మనకి ఒక చరిత్ర తయారవుతుంది. ఇప్పుడున్నది స్తోత్రం.

మూడోది, రచయిత్రులకి. సీతనీ శూర్పణఖనీ అహల్యనీ మనం తిరిగి రాసుకున్నాం. పురాణం తిరగరాయడం కష్టమే, అయినా రాశాం. కోట కథల దగ్గరికి వచ్చేసరికి మన కలం ఎందుకు ఆగుతోంది? పురాణానికి వారసులు లేరు, కోటలకి ఉన్నారు. వాళ్ళకి కులసంఘాలున్నాయి, ఎన్నికల్లో బలముంది, సినిమాల్లో డబ్బుంది. ఆగడానికి కారణం అదే అయితే ఆ సంగతి పైకి చెప్పుకుందాం. సౌందర్యశాస్త్రం పేరు పెట్టి దాచొద్దు.

మంటల్లోంచి బయటికి పరిగెత్తిన ఆడది బొబ్బిలి కోటలో ఒకతె ఉంది. చంకలో బిడ్డ కూడా ఉండొచ్చు. మనకి ఆమె పేరు లేదు, కులం తెలియదు. రాణో దాసో చెప్పలేం. ఆమె పిరికిది కాదు. ఆ రోజు ఆ కోటలో బతుకు పక్షాన నిలబడినవాళ్ళలో ఆమె ఒకతె. వచ్చే వార్షికోత్సవానికి ఏ పిల్లకైనా ఏకపాత్రాభినయం రాసిపెట్టాల్సివస్తే ఆమెని రాయండి.